బూడిదోడికి నేర్పిన మంచితనం

పశువైద్య కాలేజీ గుర్రపుశాలలో పనిచేసే ఆ మనిషిని అందరూ మచ్చికమ్మ అనేవారు. ఆ పేరు పెట్టినవాడు మేస్త్రి. గడ్డి మోపుల దగ్గర్నుంచి తాళంచెవుల దాకా శాల మీద పెత్తనమంతా ఆయనదే. వెటకారానికే పెట్టాడు. లోకంలో ఇదొక చోద్యం. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు, ఎవరో నవ్వులాటకి అన్న మాట మాత్రం చచ్చేదాకా వదలదు. ఆవిడ ఆ పిలుపుకీ పలికేసేది. పలకకుండా ఉండటం ఆవిడకి చేతకాదు.

నోట్లో నాలుక లేని మనిషి. "ఈ బకెట్లు కూడా కడిగెయ్" అంటే కడిగేసేది. పక్క షెడ్డు మనిషి రాలేదంటే ఆ షెడ్డూ ఊడ్చేసేది. పని ముగించుకుని ఇంటికి వెళ్తే అక్కడ మంచం పట్టిన అత్త. ఆ అత్తకి కోడళ్ళు ఇద్దరు, కొడుకులు ఇద్దరూ లారీల మీద తిరిగేవాళ్ళే. పెద్ద కోడలి ఇల్లు విశాలం. గాలీ వెలుతురూ వస్తాయి, కుళాయి ఇంట్లోనే ఉంది. అయినా అత్త మకాం మాత్రం శాల వెనక క్వార్టర్లో, రెండు ఇరుకు గదుల్లో, చిన్న కోడలి దగ్గర. ఎందుకంటే పెద్ద కోడలు నోరు విప్పితే వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది.

"అక్క దగ్గర కొన్నాళ్ళు ఉండి రాకూడదూ అత్తయ్యా?" అని ఎప్పుడో ఒకసారి అడిగింది మచ్చికమ్మ.

"దాని నోటికో దణ్ణం. నువ్వంటే మెత్తనిదానివి. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? నా తప్పేముంది అందులో" అంది అత్త, ఇసుమంతైనా మొహమాటం లేకుండా.

నిజం చెప్పినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. మచ్చికమ్మ వేణ్ణీళ్ళు తేవడానికి లేచి వెళ్ళింది.

కానీ చెప్పబోయేది కోడళ్ళ సంగతి కాదు, గుర్రాల సంగతి. ఆ శాలలో విద్యార్థుల చదువు కోసం ఉంచిన గుర్రాలు రెండు. బీజాలు తీసేసిన మగ గుర్రాలు. రెండూ ఒకే లారీలో దిగాయి. ఎర్రవాడి పేరు పిడుగు. రెండోవాడిది బూడిద రంగు, అందుకని బూడిదోడు.

వాటితో పనేమిటో చెప్పాలంటే కాస్త బిడియంగానే ఉంటుంది. స్కానింగు. గర్భిణులకి పొట్టమీద పెట్టి చూస్తారే, అదే యంత్రం. కానీ గుర్రం అంత పెద్ద శరీరం, పైనుంచి చూస్తే లోపల అంతదూరం అందదు. అందుకని భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, దాని నిండా జెల్లీ పూసుకుని, ముందు లద్దె అంతా చేత్తో బయటికి తీసి, ఆ తర్వాత స్కానింగు ప్రోబును గుప్పిట్లో పెట్టుకుని, వెనకవైపు నుంచి మోచెయ్యి దాటేదాకా పోనివ్వాలి. అక్కడ పేగు గోడకి కిందుగా మూత్రాశయం ఉంటుంది. దాని మెడ దగ్గర ప్రొస్టేటు, ఆ చుట్టుపక్కల ఇంకా కొన్ని గ్రంథులు. పూర్తి మగ గుర్రంలో అవి పుష్టిగా ఉంటాయి, బీజాలు తీసేసినవాటిలో చిక్కిపోతాయి. ఎంత చిక్కితే మామూలు, ఎక్కడ వాపు ఉంటే రోగం, ఎంత లావుంటే లోపల బీజం ఒకటి మిగిలిపోయిందని అనుమానించాలి, ఇవన్నీ కొలతలతో తేల్చాలని ప్రొఫెసరుగారి పట్టుదల.

తెర మీద మూత్రాశయం నల్లటి సొరకాయలా కనిపించేది. అందులో తెల్లటి నలుసులు మెల్లగా సుడులు తిరిగేవి. కొత్త విద్యార్థి ఎవరైనా అది చూసి రోగమని కంగారుపడితే ప్రొఫెసరుగారు నవ్వి, "గుర్రం మూత్రం ఎప్పుడూ అంతే, మడ్డిగా ఉంటుంది. భయపడాల్సింది అందులో కదలకుండా ఉండే తెల్లటి గీతని చూసి, దాని కింద నల్లటి నీడ పడితే రాయి ఉన్నట్టు" అని చెప్పేవారు. మచ్చికమ్మకి ఇవేవీ పెద్దగా ఎక్కేవి కావు. ఆవిడ నిలబడేది తెర దగ్గర కాదు, గుర్రం తల దగ్గర. ఆవిడకి కనపడేవి బూడిదోడి కళ్ళూ చెవులూ కింది పెదవీ.

బూడిదోడు మొదట్లో ఏమంత బుద్ధిమంతుడు కాదు. నిజానికి పిడుగే నయం. తొడుగు గరగరమంటే చాలు బూడిదోడు రెండు కాళ్ళూ ఒకేసారి లేపేవాడు. గొట్టాల చట్రంలో బిగించినా లాభం లేకపోయింది, వెనక పలక చీలిపోయింది. "వీణ్ణి తిప్పి పంపించెయ్యాలి" అన్నాడు మేస్త్రి. తిప్పి పంపిన గుర్రం ఎక్కడికి పోతుందో శాలలో అందరికీ తెలుసు. మచ్చికమ్మ అప్పుడు నోరు తెరిచి, "కొన్నాళ్ళు నాకు వదిలెయ్యండి మేస్త్రిగారూ" అంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆవిడ వాడి దగ్గర కూర్చునేది. జేబులో క్యారెట్టు ముక్కలు, చేతిలో విద్యార్థులు వాడి పారేసిన తొడుగు, కడిగి ఆరబెట్టినది. ముందు దూరం నుంచి గరగరమనిపించేది. వాడు బెదరకపోతే ఒక ముక్క. తర్వాత దగ్గరికి. తర్వాత తొడుగుతోనే వీపు నిమిరేది, ఆపైన తుంటి, ఆపైన తోక మొదలు. కాలు లేపితే ముక్క లేదు, ఊరుకుంటే ఉంది. తిట్టలేదు, కొట్టలేదు, గొంతు పెంచలేదు. పెంచడానికి ఆవిడకి గొంతుంటే కదా. "తప్పు నాన్నా, అలా తన్నకూడదు, సర్దుకోవాలి" అంటూ చెప్పేది. ఆ మాటలు ఆవిడకి ఎవరో చిన్నప్పుడు చెప్పినవే.

చలి తగ్గి ఎండలు ముదిరేసరికి బూడిదోడు ఎంత మారాడంటే, తొడుగు చప్పుడు వినపడగానే తనంతట తనే తోక పక్కకి తీసి, నాలుగు కాళ్ళూ ఆనించి నిలబడి, మెడ తిప్పి క్యారెట్టు కోసం చూసేవాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ప్రొఫెసరుగారు విద్యార్థులందరి ముందూ "ఇలాంటి గుర్రం ఏ కాలేజీలోనూ ఉండదమ్మా, నీ చలవే" అన్నారు. ఆవిడ జీవితంలో పదిమంది ముందు పొగడ్త వినడం అదే మొదలు. ఇంటికి వెళ్ళి అత్తకి చెప్పింది. "అయితే ఇంక వాడి పనయిపోయింది" అంది అత్త. ముసలమ్మకి నోరు మంచిది కాదని సరిపెట్టుకుంది.

పిడుగుని ఎవరూ మచ్చిక చెయ్యలేదు. వాడి అవసరం వేరే. జబ్బు గుర్రాలకి రక్తం ఎక్కించాల్సి వస్తే పిడుగు మెడలోంచి తీసేవారు. మెడ దగ్గర వాడు పెద్దమనిషి, వెనక్కి వెళ్తేనే పిడుగు. అయినా అప్పుడప్పుడూ స్కానింగుకి వాడినీ చట్రంలోకి తెచ్చేవారు. పరీక్షల కాలం మొదలయ్యే ముందు పిడుగు ఒక విద్యార్థి మోకాలి మీద తన్నాడు. ఆ కుర్రాడు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు, పిడుగు గది మీద "వెనకవైపు పరీక్షలకి పనికిరాడు" అని అట్ట వేలాడింది. అంతే. ఆ అట్టతో వాడికి జీవితాంతం సెలవు.

ఇక మిగిలింది ఎవరు? మంచివాడు మిగిలాడు.

శాల గోడ మీద ఒక బోర్డు ఉండేది. ఒక గుర్రాన్ని వారానికి ఒక్కసారే పరీక్షించాలి, ఒక్క పూటలో ఇద్దరికి మించి చెయ్యి పెట్టకూడదు, ముందుగా పేగు వదులు చేసే ఇంజక్షను ఇవ్వాలి. మంచి బోర్డే. పెయింటు కూడా బాగుండేది. కానీ రెండు గుర్రాల పని ఒకదాని మీద పడింది. పైగా ప్రొఫెసరుగారి కొలతలకి ఒకే గుర్రాన్ని పదిమంది విడివిడిగా కొలవాలట, అందరికీ ఒకే లెక్క వస్తేనే నమ్మకమట. వారం కాస్తా రోజు విడిచి రోజయింది. ఇద్దరు కాస్తా ఎంతమందో అయ్యారు. ఇంజక్షను సంగతి అడిగితే, "బూడిదోడికెందుకు, హాయిగా నిలబడతాడుగా" అన్నాడు మేస్త్రి. మందు ఆదా చేసినందుకు తనని తనే మెచ్చుకున్నట్టు కనిపించాడు.

తల దగ్గర నిలబడ్డ మచ్చికమ్మకి మాత్రం అది హాయిలా కనపడలేదు. బూడిదోడి కింది పెదవి బిగుసుకునేది. చెవుల వెనక చెమట పట్టేది. చూపు గోడ మీద ఒకే చోట ఆగిపోయేది. ఇంట్లో అత్తకి పక్క బట్టలు మార్చేటప్పుడు, తను కూడా అలాగే గోడ మీదికి చూస్తుందని ఆవిడకి తెలుసు. ఒక పొద్దున లద్దె ఎత్తుతుంటే దానికి ఎర్రటి జీర కనిపించింది. మర్నాడు మళ్ళీ కనిపించింది. మేస్త్రికి చెబితే "చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదని తనకి తనే ధైర్యం చెప్పుకుని, ప్రొఫెసరుగారు వచ్చేదాకా చట్రం పక్కనే నిలబడింది.

"సార్, బూడిదోడికి లోపల ఒరుసుకుపోయినట్టుంది. లద్దెలో రక్తం పడుతోంది."

ఆయన చెడ్డవాడేం కాదు. వెంటనే వచ్చి చూశారు. జ్వరం చూశారు, గుండె చప్పుడు విన్నారు, కనురెప్ప ఎత్తి చూశారు. "కొంచెం ఒరిపిడే అయ్యుంటుంది. రేపు ఒక్కరోజు వాడికి సెలవిద్దాం. మరీ నొప్పిగా ఉంటే తన్నడూ? పిడుగుని చూడు, చెయ్యి ఆనకముందే చెప్పేస్తాడు. వీడు నిలబడుతున్నాడంటే తట్టుకోగలుగుతున్నట్టే కదమ్మా."

"తన్నకూడదని నేనే నేర్పాను సార్."

విద్యార్థులు నవ్వారు. ఆయన కూడా నవ్వి, "అందుకే కదా మేమంతా నీకు రుణపడిపోయాం" అన్నారు, ఆప్యాయంగానే.

చెప్పదలుచుకున్నది ఆవిడ అప్పటికే చెప్పేసింది. అది పొగడ్తగా మారి తిరిగి ఆవిడకే వచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, వినేవాడు పెద్దవాడైతే చెప్పేవాడే లోకువ. ఆ సాయంత్రం అత్తకి అన్నం తినిపిస్తూ ఈ గొడవంతా చెప్పింది.

"నువ్వే కదా మెత్తబరిచావు, నువ్వే గట్టిపరుచు. తన్నడం నేర్పు" అంది అత్త, నమలడం ఆపకుండా.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. మచ్చికమ్మ తొడుగు పట్టుకుని బూడిదోడి గదిలోకి వెళ్ళి తలుపు చేరేసింది. తొడుగు గరగరమనిపించి, వాడు తోక పక్కకి తీయగానే తుంటి మీద గట్టిగా గిల్లింది. వాడు తిరిగి చూశాడు. తను చేసిందాంట్లో ఏదో తక్కువైందనుకున్నాడు కాబోలు, తోక ఇంకాస్త పక్కకి జరిపాడు. ఆవిడ చీపురు పుల్లతో పొడిచింది. వాడి ఒళ్ళు జలదరించింది, కాలు లేవలేదు. "తన్నరా" అంది. ఇంకా గట్టిగా పొడిచింది. "తన్నరా నాన్నా, ఒక్కసారి తన్ను, చాలు." వాడు వణుకుతూ నాలుగు కాళ్ళూ నేలకి ఆనించి, ఎలా నిలబడమని నేర్పిందో అలాగే నిలబడ్డాడు. తర్వాత మెడ తిప్పి ఆవిడ జేబు వెతికాడు.

పక్క గదిలో పిడుగు ఆ చప్పుడుకే పలకని ఫెడీమని తన్నాడు.

మచ్చికమ్మ పుల్ల పారేసి బూడిదోడి మెడకి తల ఆనించి ఏడ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది. నేర్పడం తెలిసిన చేతికి మాన్పించడం తెలియలేదు. ఏడుపయ్యాక జేబులో ఉన్న క్యారెట్టంతా వాడికే పెట్టేసింది. పెట్టిన తర్వాత గానీ అర్థం కాలేదు, ఊరుకున్నందుకు మళ్ళీ బహుమతి ఇచ్చానని.

పరీక్ష రోజు వచ్చింది. విద్యార్థులు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ మూత్రాశయం చూపించాలి, ప్రొస్టేటు రెండు భాగాలూ చూపించాలి, గ్రంథుల్ని కుడివైపూ ఎడమవైపూ కొలిచి చెప్పాలి. మొదట వచ్చినవాళ్ళు బాగానే చూపించారు. తర్వాత వచ్చిన అమ్మాయికి ఎడమవైపు గ్రంథి దొరకలేదు. బూడిదోడు లోపల్నుంచి ముక్కాడు. గుర్రం ముక్కితే చెయ్యి ఆపెయ్యాలి, వెనక్కి తీసుకోవాలి, అది మొదటి పాఠం. కానీ పాఠాలన్నీ పరీక్ష రోజునే కదా మర్చిపోయేది. గుర్రం మాత్రం విగ్రహంలా నిలబడి ఉంది. "ఇంకొంచెం లోపలికి సార్, కనపడబోతోంది" అంది ఆ అమ్మాయి.

తల దగ్గర మచ్చికమ్మకి వాడి కంట్లో తెల్లగుడ్డు కనపడింది. ముక్కుపుటాలు విచ్చుకుని పెద్ద ఊపిరి బయటికొచ్చింది. "ఆపండి" అంది ఆవిడ. అన్నాననే ఆవిడ ఈనాటికీ అనుకుంటుంది. అంత నెమ్మదిగా అన్న మాట చట్రం అవతలి దాకా వెళ్ళలేదు.

తొడుగు బయటికి వచ్చేసరికి మణికట్టు దాకా ఎర్రగా ఉంది.

ప్రొఫెసరుగారు అప్పుడు ఇంజక్షను ఇచ్చి, తనే తొడుగు లేకుండా, జెల్లీ పూసిన ఒట్టి చేత్తో మెల్లగా తడిమి చూశారు. పేగు గోడ నిలువునా చిరిగి, లద్దె పొట్టలోకి దిగుతోంది. కుట్టడానికి చెయ్యి అందని చోటు. కుట్టినా బతకడు, బతికినన్నాళ్ళూ నరకం. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని ఏడుస్తుంటే, "ఎంత అనుభవం ఉన్నవాళ్ళ చేతిలోనైనా జరగొచ్చు" అని ఆయన చెప్పారు. అది అబద్ధం కాదు. కానీ తన్నేవాడి విషయంలో జరగదు, ఎందుకంటే తన్నేవాడి దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

వాణ్ణి శాల వెనక గడ్డిలోకి తీసుకెళ్ళారు. మచ్చికమ్మనే పట్టుకోమన్నారు, "నీ దగ్గరైతే నెమ్మదిగా ఉంటాడు" అని. ఒళ్ళంతా చెమటలు కారుతున్నా వాడు ఆవిడ వెంట అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు. ప్రొఫెసరుగారు మెడ దగ్గర నిలబడి, ఆఖరి సూది కోసం సిరంజి ప్లాస్టిక్ కవరు చింపారు. కవరు గరగరమంది.

బూడిదోడు తోక పక్కకి తీశాడు. నాలుగు కాళ్ళూ ఆనించి నిలబడి, మెడ తిప్పి మచ్చికమ్మ జేబు వైపు చూశాడు.

అందరూ చూశారు. ప్రొఫెసరుగారు ముఖం తిప్పుకున్నారు. మచ్చికమ్మ జేబులో చెయ్యి పెట్టి క్యారెట్టు ముక్క తీసి నోటికి అందించింది. వాడు సగమే తిన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ వారమే గోడ మీద బోర్డుకి కొత్త పెయింటు వేశారు. అక్షరాలు ఇంకా పెద్దవి చేశారు. కానీ చదువు ఆగదు, కొలతలు ఆగవు. ఒకరోజు మేస్త్రి గొంతు సవరించుకుని వచ్చి, "ఏమ్మా, ఇంక పిడుగే దిక్కు. వాణ్ణి నీ చేతిలో పెడుతున్నాం. బూడిదోణ్ణి చేసినట్టే చేసెయ్" అన్నాడు.

మచ్చికమ్మ తల ఊపింది. ఆవిడ కాదనడం ఎవరు చూశారు గనక?

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట పిడుగు గదిలో తొడుగు చప్పుడు వినపడేది. ఆవిడ మానకుండా వెళ్ళేది, శ్రద్ధగా కూర్చునేది. చాలాకాలం తర్వాత ప్రొఫెసరుగారూ మేస్త్రీ ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వచ్చారు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి తొడుగు ఒక్కసారి గరగరమనిపించింది. పిడుగు రెండు కాళ్ళూ ఎత్తి పలకని ఎంత బలంగా తన్నాడంటే పైకప్పు దుమ్ము ముగ్గురి నెత్తినా రాలింది. మేస్త్రి గుమ్మం బయటికి గెంతాడు.

"ఇదేంటి, ఇదివరకటి కంటే అన్యాయంగా ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"నాకు చేతకావడం లేదు మేస్త్రిగారూ."

ప్రొఫెసరుగారు ఆవిడ వైపు ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయారు. "వయసు మీద పడింది, పనితనం పోయింది. ఆ పేరు కూడా దండగే" అనుకుంటూ మేస్త్రి ఆయన వెనకే నడిచాడు.

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, మచ్చికమ్మ జేబులోంచి పెద్ద క్యారెట్టు ముక్క తీసి పిడుగు నోటికి అందించింది.

"బాగా తన్నావు నాన్నా" అంది.

క్వార్టర్లోంచి అత్త పిలిచింది. "వస్తున్నా అత్తయ్యా" అంటూ నీళ్ళ బకెట్టు అందుకుని వెళ్ళింది.